ఊదే టెస్ట్ సరిగ్గా చేయడం ఎలా? సీఓపీడీ పేషెంట్ల స్పైరోమెట్రీకి సమగ్ర మార్గదర్శి

ఆయాసంతో వచ్చిన పెద్దమనిషిని డాక్టర్ "పీఎఫ్‌టీ చేయించుకొని రండి" అని పంపిస్తారు. అంటే ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష, స్పైరోమెట్రీ అందులోదే. ఆయన గొట్టంలో ఊదుతాడు, కాగితం మీద అంకెలొస్తాయి. అదే మనిషి పదిరోజుల తర్వాత ఇంకోచోట ఊదితే వేరే అంకెలొస్తాయి. "ఇందులో ఏది నిజం?" అని ఇంటివాళ్లు అడుగుతారు. "మేం ఎక్కడ తప్పుతున్నాం?" అని కొత్తగా మిషన్ ముందు కూర్చున్న టెక్నీషియన్లు అడుగుతారు.

చాలాసార్లు తేడా ఊపిరితిత్తుల్లో ఉండదు, ఊదించడంలో ఉంటుంది. రక్తపరీక్షకు పేషెంట్ చేయి చాపితే చాలు. స్పైరోమెట్రీలో మాత్రం ఆయన ఒళ్లంతా కష్టపడాలి, ఎదురుగా ఉన్నవాళ్లు ఆ కష్టం చేయించుకోవాలి. అందుకే ఈ పరీక్షలో మిషన్ ఖరీదు కంటే టెక్నీషియన్ ఓపిక ముఖ్యం.

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు ఆసుపత్రుల్లో ఈ పని చేసేవాళ్ల కోసం రాస్తున్నాను. పేషెంటు ఇంటివాళ్లు 2, 3, 9 భాగాలు చదువుకుంటే సరిపోతుంది.

## 1. ముందు మూడు అంకెలు

రిపోర్టులో ఇరవై ముప్పై వరుసలుంటాయి. సీఓపీడీకి, అంటే గాలిగొట్టాలు ఇరుకై ఊపిరి సరిగ్గా బయటికి రాని దీర్ఘకాలిక జబ్బుకు, మొదట చూడాల్సినవి మూడే.

- ఎఫ్‌వీసీ: గుండెల నిండా గాలి పీల్చి, బలంగా, పూర్తిగా ఊదితే బయటికొచ్చిన మొత్తం గాలి. లీటర్లలో ఉంటుంది.
- ఎఫ్‌ఈవీ1: అందులో మొదటి సెకనులో వచ్చిన గాలి.
- నిష్పత్తి: ఎఫ్‌ఈవీ1ను ఎఫ్‌వీసీతో భాగిస్తే వచ్చేది.

గాలిగొట్టాలు ఇరుకైతే గాలి బయటికి రావడానికి ఆలస్యమవుతుంది, నిష్పత్తి పడిపోతుంది. పంపు మందు (గాలిగొట్టాలు తెరిచే ఇన్‌హేలర్) ఇచ్చాక కూడా నిష్పత్తి 0.70 కంటే తక్కువ ఉండి, లక్షణాలూ కారణాలూ దానికి సరిపోతే సీఓపీడీ అంటారు. ఇది సీఓపీడీకి ప్రపంచమంతా వాడే గోల్డ్ మార్గదర్శకాల లెక్క. కారణం అనగానే బీడీ, చుట్ట ఒక్కటే గుర్తుకు రాకూడదు. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్లను, క్రషర్ల దగ్గర, రైస్‌మిల్లుల్లో దుమ్ములో పనిచేసినవాళ్లను కూడా అడగాలి. "పొగ తాగుతారా?" అంటే లేదని ఊరుకుంటారు. "వంట దేని మీద?" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది.

## 2. ఇవాళ ఊదించొచ్చా?

బలంగా ఊదితే ఛాతీలో, కడుపులో, కంట్లో, తలలో ఒత్తిడి పెరుగుతుంది. గొట్టం చేతికిచ్చే ముందు ఇవి అడగాలి. ఒక్కదానికి "అవును" అని వచ్చినా డాక్టర్‌కు చెప్పకుండా మొదలుపెట్టొద్దు.

- వారం లోపల గుండెపోటు వచ్చిందా?
- వారం లోపల కంటి ఆపరేషన్ అయిందా? శుక్లాల ఆపరేషన్ పెద్ద విషయం కాదనుకొని చాలామంది చెప్పరు. నల్ల కళ్లద్దాలు పెట్టుకొని వచ్చినవాళ్లను తప్పకుండా అడగండి.
- నాలుగు వారాల లోపల ఛాతీ, కడుపు, మెదడు ఆపరేషన్ అయిందా?
- ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందని ఎవరైనా చెప్పారా?
- తెమడలో రక్తం పడుతోందా?
- రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయా? ఉంటే ముందు తెమడ పరీక్ష. టీబీ అనుమానం తీరాకే స్పైరోమెట్రీ.
- వారం లోపల చెవి, సైనస్ ఆపరేషన్ గానీ ఇన్ఫెక్షన్ గానీ ఉందా?
- బీపీ అదుపులో లేదా? నెలలు నిండిన గర్భిణా?

ఇంకొకటి. ఆయాసం ఎక్కువై నిన్నో మొన్నో అడ్మిట్ అయిన మనిషికి అదే వారం ఊదించి వ్యాధి ఏ దశలో ఉందో తేల్చకూడదు. కుదుటపడ్డాక కొన్ని వారాలు ఆగి చేసిన అంకెలే లెక్కకు వస్తాయి.

## 3. ఇంటి దగ్గర మొదలయ్యే తయారీ

అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఫోన్‌లో చెప్పాల్సిన మాటలివి. వచ్చాక చెబితే సగం మందిని వెనక్కి పంపాలి. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో బస్సెక్కి వచ్చినవాళ్లను వెనక్కి పంపడం ఎవరికీ మంచిగా ఉండదు.

తిండి. టెస్ట్ అనగానే పరగడుపున వస్తారు. ఈ పరీక్షకు ఉపవాసం అక్కర్లేదు, పైగా నీరసంగా ఉన్న మనిషి ఊదలేడు. తేలికగా టిఫిన్ చేసి రావాలి. కడుపునిండా తింటే మాత్రం రెండు గంటల ఎడం ఉండాలి.

బీడీ, చుట్ట. కనీసం గంట ముందు నుంచి వద్దు. "పొద్దున్నుంచి తాగలే" అంటారు, ఆసుపత్రి గేటు బయట ఒకటి పూర్తిచేసే వస్తారు. గద్దించకండి. గంట కూర్చోబెట్టండి.

కల్లు, మద్యం. ఎనిమిది గంటల ముందు నుంచి వద్దు. పొద్దున కల్లు అలవాటున్నవాళ్లకు ఇది ముందురోజే చెప్పాలి.

శ్రమ. గంట ముందు నుంచి బరువు పనులు, వేగంగా నడవడం వద్దు. మెట్లెక్కి పైకొచ్చినవాళ్లకు పది పదిహేను నిమిషాల విశ్రాంతి ఇవ్వాలి.

పంపులు. ఇక్కడే ఎక్కువ గందరగోళం. వ్యాధి నిర్ధారణకు, పంపు మందుతో ఎంత మార్పు వస్తుందో చూడటానికి చేసే పరీక్ష అయితే మామూలుగా పాటించే ఎడం ఇది:

- సాల్బుటమాల్ (అస్థాలిన్ లాంటివి): 4 నుంచి 6 గంటలు
- ఇప్రాట్రోపియం: 12 గంటలు
- ఫార్మోటెరాల్, సాల్మెటెరాల్ ఉన్నవి (ఫోరాకార్ట్, సెరోఫ్లో లాంటివి): 24 గంటలు
- టియోట్రోపియం లాంటి రోజుకొకసారి మందులు (టియోవా లాంటివి): 36 నుంచి 48 గంటలు

ఏది ఆపాలో, అసలు ఆపాలో వద్దో పంపించిన డాక్టరే చెప్పాలి. మందు ఆపితే తట్టుకోలేని పేషెంట్లు ఉంటారు. ఇప్పటికే వ్యాధి తేలి, ఏడాదికోసారి ఎలా ఉందో చూడటానికి వచ్చినవాళ్లు మందులు వాడుతూనే ఊదొచ్చు, కానీ ప్రతి ఏడూ అదే పద్ధతి ఉండాలి. దారిలో దమ్ము ఎక్కువైతే పంపు కొట్టుకోవాల్సిందే. ఎన్ని గంటలకు కొట్టుకున్నారో మనకు చెబితే చాలు.

రోజూ వాడే పంపులు, స్పేసర్ (పంపుకు తగిలించే గొట్టం), పాత రిపోర్టులు అన్నీ సంచిలో వేసుకొని రమ్మనండి. పంపు పేరు నోటితో చెప్పలేకపోయినా చూపిస్తారు.

## 4. గది, మిషన్

రోజూ మొదటి పేషెంట్‌కు ముందే 3 లీటర్ల సిరంజితో మిషన్‌ను సరిచూడాలి. నెమ్మదిగా, మధ్యస్థంగా, వేగంగా మూడు రకాలుగా తోయాలి. ప్రతిసారీ 2.91 నుంచి 3.09 లీటర్ల మధ్య రావాలి. అంటే 3 శాతం అటూ ఇటూ. రాకపోతే ముందు గొట్టం బిగింపులో లీకు చూడండి, తర్వాత సెన్సార్‌లో తడి, తెమడ చేరిందేమో చూడండి. "కంపెనీవాళ్లు సెట్ చేసి ఇచ్చారు, అక్కర్లేదు" అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. అది నమ్మొద్దు.

మన దగ్గర ఇంకో ఇబ్బంది ఎండ. గది వేడిని బట్టి మిషన్ గాలి పరిమాణాన్ని సరిచేస్తుంది. గది 17 డిగ్రీల కంటే తగ్గినా 40 డిగ్రీలు దాటినా లెక్కలో తేడా వచ్చే అవకాశం ఉంది. మే నెలలో నల్లగొండలో రేకుల గదిలో మధ్యాహ్నం పూట ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఏసీ లేకపోతే ఎండాకాలమంతా పరీక్షలు పొద్దున్నే పెట్టుకోవాలి. కొన్ని మిషన్లలో ఉష్ణోగ్రత మనమే ఎంటర్ చేయాలి. అక్కడ జనవరిలో వేసిన 25 ఏప్రిల్‌లోనూ అలాగే ఉండిపోతుంది.

మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి:

- సిరంజితో సరిచూసిన అంకె రిజిస్టర్‌లో రాశామా?
- ఒక్కొక్కరికి ఒక కొత్త ఫిల్టర్ ఉందా? తుడిచి ఇంకొకరికి వాడటం ఏ పరిస్థితిలోనూ వద్దు.
- ముక్కు క్లిప్, నీళ్లు, టిష్యూలు ఉన్నాయా?
- చేతులున్న, చక్రాలు లేని కుర్చీ ఉందా?
- సాల్బుటమాల్ పంపు, స్పేసర్, ఆక్సిమీటర్ చేతికి అందేలా ఉన్నాయా?
- మిషన్ జీరో తీసుకునేటప్పుడు గొట్టం కదలకుండా, ఫ్యాన్ గాలి తగలకుండా ఉందా?

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. జీరో తప్పితే మనిషి ఊదడం ఆపినా గీత పైకి పోతూనే ఉంటుంది, బక్క మనిషికి ఐదు లీటర్ల ఎఫ్‌వీసీ చూపిస్తుంది.

## 5. ఎత్తు, వయసు: ఇక్కడ తప్పితే అంతా తప్పే

మిషన్ చూపించే "ప్రిడిక్టెడ్ శాతం" (ఆ మనిషికి ఉండాల్సిన అంకెలో ఎంత శాతం వచ్చిందో) వయసు, ఎత్తు, ఆడ, మగ అనే వివరాల మీద ఆధారపడి ఉంటుంది. ఇవి అడిగి రాసుకునేవి కావు, కొలిచి రాయాల్సినవి.

ఎత్తు. చెప్పులు విప్పించి, తలపాగా తీయించి, కొప్పు అడ్డొస్తే పక్కకు జరిపి, మడమలు గోడకు ఆనించి కొలవాలి. "ఐదున్నర అడుగులు ఉంటా" అన్న మాట మీద రాయొద్దు. వయసు పెరిగేకొద్దీ ఎత్తు తగ్గుతుంది కాబట్టి పాత రిపోర్టులోది ఎత్తి రాయడం కూడా సరికాదు.

నడుం వంగినవాళ్లు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల్లో ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు గట్టిపడి వంగిపోయిన పెద్దవాళ్లు ఇప్పటికీ పరీక్షకు వస్తుంటారు. వాళ్లను అలాగే నిలబెట్టి ఎత్తు కొలిస్తే తక్కువ వస్తుంది. ప్రిడిక్టెడ్ విలువ కూడా తగ్గుతుంది, దాంతో ఉన్న జబ్బు లేనట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు బార కొలవాలి. వీపు గోడకు ఆనించి, రెండు చేతులూ భుజాల ఎత్తులో చాపించి, ఒక మధ్యవేలి కొస నుంచి ఇంకో మధ్యవేలి కొస దాకా కొలిచి, దాన్నుంచి ఎత్తు అంచనా వేయాలి. మోచేతులు కూడా చాపలేని స్థితి ఉంటే నడుం వంగకముందు కొలిచిన ఎత్తు ఏ కాగితంలోనైనా ఉందేమో వెతకాలి. ఏ పద్ధతి వాడామో రిపోర్టు మీద రాయడం తప్పనిసరి.

ఫ్లోరోసిస్‌లో ఛాతీ గూడు కూడా బిగుసుకుపోవచ్చు. అప్పుడు ఎఫ్‌వీసీ నిజంగానే తగ్గుతుంది. మన ఊదింపు తప్పా, ఛాతీ బిగుసుకుపోయిందా అనేది గీతలు చూశాకే తెలుస్తుంది. "నడుం వంగి ఉంది, ఎత్తు ఇలా కొలిచాం" అని ఒక్క వాక్యం రాస్తే డాక్టర్‌కు చాలా పని తగ్గుతుంది.

వయసు. పెద్దవాళ్ల ఆధార్‌లో పుట్టినతేదీ జనవరి 1 అని ఉంటే అది ఉజ్జాయింపు లెక్క అని అర్థం చేసుకోవచ్చు. పెద్దవాళ్లలో ఎఫ్‌ఈవీ1 ఏడాదికి సుమారు 25 నుంచి 30 మిల్లీలీటర్లు తగ్గుతుంది. వయసు పదేళ్లు తప్పితే ప్రిడిక్టెడ్‌లో పావు లీటరు తేడా వస్తుంది. పెద్ద కొడుకు వయసు, పెళ్లినాటి వయసు అడిగి సరిచూడండి. ఒకసారి నిర్ణయించిన వయసునే తర్వాతి పరీక్షలకూ వాడాలి. నిష్పత్తికి ఈ బాధ లేదు. 0.70 గీత ఎత్తు, వయసు మీద ఆధారపడదు.

## 6. ఊదించడం

ఇదే అసలు పని. తొందరపడితే మొత్తం మళ్లీ చేయాల్సి వస్తుంది.

6.1 కూర్చోబెట్టడం. నిటారుగా, రెండు పాదాలూ నేలమీద ఆనేలా కూర్చోవాలి. బెల్టు, బిగుతు జాకెట్ వదులు చేయించాలి. నోట్లో ఆకు, గుట్కా ఉంటే పుక్కిలించి రావాలి. కట్టుడు పళ్లు గట్టిగా ఉంటే ఉండనివ్వండి, పెదాలకు ఆసరా ఇస్తాయి. కదులుతుంటే తీయించండి. ముందే బాత్రూంకు వెళ్లిరమ్మనండి. బలంగా ఊదితే మూత్రం చుక్కలు పడతాయేమోనన్న భయంతో సగమే ఊదే ఆడవాళ్లు ఉంటారు. వాళ్లు పైకి చెప్పరు.

6.2 చేసి చూపించడం. ఎంత వివరంగా చెప్పినా అర్థం కానిది ఒక్కసారి ఊది చూపిస్తే అర్థమవుతుంది. విడి మౌత్‌పీస్ ఒకటి చేతిలో పట్టుకొని, కళ్లు పెద్దవి చేసి, భుజాలు ఎగిరేలా గాలి పీల్చి, ముఖం ఎర్రబడేదాకా ఊది చూపించండి. సిగ్గుపడితే ఈ పని రాదు.

"ఊదు" అంటే మనవాళ్లకు గుర్తొచ్చేది పొయ్యి. ఊదుగొట్టం పట్టుకున్నట్టే బుగ్గలు పొంగించి, కొద్దికొద్దిగా, ఆగి ఆగి ఊదుతారు. జీవితమంతా పొయ్యి ఊదిన అవ్వలకు ఈ అలవాటు మరీ ఎక్కువ. "బుగ్గలతో కాదు అవ్వా, కడుపులోంచి రావాలె" అని ముందే చెప్పి, చేసి చూపించాలి.

6.3 గొట్టం. పళ్ల మధ్య పెట్టుకొని పెదాలు గట్టిగా మూయాలి. నాలుక గొట్టం కింద ఉండాలి. ముక్కుకు క్లిప్ పెట్టాలి.

6.4 వరుస.

1. రెండు మూడు మామూలు శ్వాసలు.
2. గుండెల నిండా పీల్చడం, ఇంక పట్టదు అనేదాకా.
3. పీల్చాక ఆగకుండా, రెండు సెకన్ల లోపే, ఒక్కపెట్టున బలంగా ఊదడం.
4. గాలి పూర్తిగా అయిపోయేదాకా ఊదుతూనే ఉండటం.
5. గొట్టం తీయకుండా మళ్లీ నిండా, వేగంగా పీల్చడం.

6.5 నోటిమాట. పుస్తకం భాష ఇక్కడ పనికిరాదు. పేషెంట్ ఇంట్లో ఎలా మాట్లాడతాడో అలాగే చెప్పాలి, గట్టిగా చెప్పాలి:

"తాతా, దమ్ము గుంజు... గుంజు, గుంజు, ఇంకా గుంజు... ఇప్పుడు ఊదు! ఊదు ఊదు ఊదు ఊదు... ఆపకు, ఇంకా ఉంది, ఇంకా ఉంది... ఇంకొంచెం... ఆఁ, ఇప్పుడు లోపలికి గుంజు!"

"ఊదు" అన్న మొదటి మాటకు గొంతు ఒక్కసారిగా పెరగాలి. తర్వాతి మాటలు సాగాలి. మన గొంతు తగ్గిందంటే ఆయన ఊపిరీ తగ్గుతుంది. స్క్రీన్ చూస్తూ అరవకండి, మనిషిని చూస్తూ చెప్పండి. తల ముందుకు వాలడం, పెదాల పక్కనుంచి గాలి పోవడం, భుజాలు కుంగడం స్క్రీన్ మీద కనిపించవు.

6.6 ఎంతసేపు. సీఓపీడీ ఉన్నవాళ్లకు గాలి ఖాళీ కావడానికి పది సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆరు సెకన్లు కాగానే ఆపడం పాత అలవాటు. 2019 నాటి ఏటీఎస్, ఈఆర్‌ఎస్ (అమెరికా, యూరప్ శ్వాసకోశ వైద్య సంఘాల) ప్రమాణాల ప్రకారం చివరి ఒక సెకనులో 25 మిల్లీలీటర్ల కంటే తక్కువ గాలి వచ్చి గీత చదునుగా మారాలి, లేదా 15 సెకన్లు పూర్తవ్వాలి. కళ్లు తిరుగుతున్నట్టు ఉంటే మాత్రం సెకన్లు లెక్కపెట్టకుండా అక్కడే ఆపించండి.

## 7. ముందు గీత, తర్వాత అంకె

ప్రతి ఊదు తర్వాత అంకెల వైపు కాకుండా రెండు గీతల వైపు చూడాలి. ఒకటి గాలి వేగం గీత, ఇంకొకటి కాలంతో పాటు గాలి పరిమాణం చూపే గీత. మంచి ఊదులో వేగం గీత మొదట్లో నిటారుగా లేచి, కొన మొనదేలి ఉంటుంది. సీఓపీడీలో ఆ కొన నుంచి దిగే భాగం లోపలికి గుంట పడినట్టు వంగుతుంది. రెండో గీత నెమ్మదిగా పైకెక్కి చివరికి చదును కావాలి.

మధ్యలో ఆపేయడం. సీఓపీడీలో అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు ఇదే. ఒక ఉదాహరణ చూడండి. ఒక పెద్దాయన నిజమైన ఎఫ్‌ఈవీ1 1.20 లీటర్లు, ఎఫ్‌వీసీ 2.40 లీటర్లు అనుకుందాం. నిష్పత్తి 0.50, జబ్బు స్పష్టంగా ఉంది. ఆయన మూడో సెకనులో ఆపేస్తే ఎఫ్‌వీసీ 1.65 దగ్గరే నిలిచిపోతుంది. అప్పుడు నిష్పత్తి 0.73. మిషన్ "అడ్డంకి లేదు" అని ప్రింట్ చేస్తుంది. మనిషి ఆయాసంతో ఇంటికి పోతాడు. గీత కొస నిలువుగా తెగినట్టు కనిపిస్తే ఇదే కారణం. "ఇంకా ఉంది" అనే మాట ఎక్కువసేపు అనండి. అప్పటికీ రాకపోతే బలం పెట్టకుండా నెమ్మదిగా పూర్తిగా ఊదించి స్లో వీసీ తీయండి. ఇరుకైన గొట్టాలు బలంగా ఊదినప్పుడు మూసుకుపోతాయి కాబట్టి ఈ పేషెంట్లలో స్లో వీసీ తరచూ ఎఫ్‌వీసీ కంటే ఎక్కువ వస్తుంది.

నిండా పీల్చకపోవడం. ఎఫ్‌ఈవీ1, ఎఫ్‌వీసీ రెండూ తగ్గుతాయి, నిష్పత్తి మామూలుగానే ఉంటుంది. ఊపిరితిత్తులు కుంచించుకుపోయాయని మిషన్ రాస్తుంది. ఊదాక వెనక్కి పీల్చిన గాలి, ఊదిన గాలి కంటే ఎక్కువ వచ్చిందంటే మొదట సరిగ్గా పీల్చలేదని అర్థం. చివరి పీల్పు ఎందుకు అడుగుతామంటే ఇందుకే.

తటపటాయించి మొదలుపెట్టడం. కొన మొనదేలకుండా గుండ్రంగా, పక్కకు జరిగి వస్తుంది. మొదట్లో జారిన గాలి ఎఫ్‌వీసీలో 5 శాతం లేదా 100 మిల్లీలీటర్లు, రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని మించకూడదు. మిషనే హెచ్చరిస్తుంది. "తుమ్ము వచ్చినట్టు ఒక్కసారే" అని చెబితే సరిపోతుంది.

దగ్గు. మొదటి సెకనులో వస్తే ఆ ఊదు పక్కన పెట్టాలి. తర్వాత వస్తే ఎఫ్‌ఈవీ1 పనికొస్తుంది. గోరువెచ్చని నీళ్లు తాగించి, తెమడ ఉంటే ఉమ్మి రమ్మని, రెండు నిమిషాలాగి మళ్లీ చేయించండి.

గొంతు బిగబట్టడం. గీత ఉన్నట్టుండి అడ్డంగా ఆగిపోతుంది. గడ్డం కొద్దిగా పైకెత్తించండి, "గొంతు వదిలెయ్యి" అని చెప్పండి.

లీకు. పెదాల పక్క నుంచి గాలి పోతే పరిమాణం గీత చివర్లో కిందికి వాలొచ్చు. పళ్లు లేనివాళ్లలో ఎక్కువ. అవసరమైతే పెదాల చుట్టూ వాళ్ల వేళ్లతోనే అదిమి పట్టుకోమనండి.

నాలుక అడ్డం. ఒక్కో ఊదు ఒక్కోలా, గీత రంపం పళ్లలా వస్తే గొట్టం తీయించి నోట్లో చూడండి.

## 8. ఎన్నిసార్లు ఊదించాలి

- కనీసం మూడు మంచి ఊదులు కావాలి.
- అందులో పెద్ద రెండు ఎఫ్‌ఈవీ1ల మధ్య తేడా 150 మిల్లీలీటర్ల లోపు ఉండాలి. ఎఫ్‌వీసీకీ అంతే.
- ఎఫ్‌వీసీ ఒక లీటరు లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్లకు ఆ తేడా 100 లోపు ఉండాలని 2005 నాటి ప్రమాణాల్లో ఉండేది.
- మామూలుగా ఎనిమిది దాటించొద్దు.
- ఎఫ్‌ఈవీ1 మొదటిదానిలో 80 శాతం కంటే కిందికి పడితే ఆపేయండి.

ఉదాహరణకు ఎఫ్‌ఈవీ1 వరుసగా 1.02, 1.12, 1.10 వచ్చాయనుకోండి. పెద్ద రెండింటి తేడా 20 మిల్లీలీటర్లే, సరిపోయింది. మొదటి ఊదు నేర్చుకోవడానికి పోయింది, అది మామూలే.

ఊదుకూ ఊదుకూ మధ్య ఒకటి రెండు నిమిషాలు ఇవ్వాలి. బయట క్యూ ఉందని ఈ రెండు నిమిషాలు కోయకండి. మూడో ఊదుకే అలసిపోయిన మనిషి అంకె నాలుగోసారి పెరగదు, తగ్గుతుంది.

## 9. పంపు ఇచ్చి మళ్లీ ఊదించడం

వ్యాధి ఉందని తేల్చేది పంపు మందు తర్వాత వచ్చిన నిష్పత్తే. ఖర్చుకో, సమయానికో చూసుకొని "ప్రీ" (పంపుకు ముందుది) ఒక్కటే చేసి, అందులో నిష్పత్తి తగ్గిందని సీఓపీడీ అని రాసివ్వడం సరికాదు.

1. సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాముల పంపు బాగా ఊపి స్పేసర్‌కు బిగించండి.
2. పేషెంట్ ఊపిరి వదిలాక ఒక్క పఫ్ నొక్కి, నెమ్మదిగా పీల్చి 5 నుంచి 10 సెకన్లు ఆపమనండి.
3. అర నిమిషం ఆగి మళ్లీ. మొత్తం నాలుగు పఫ్‌లు, అంటే 400 మైక్రోగ్రాములు.
4. గడియారం చూసి కనీసం 10 నుంచి 15 నిమిషాలు కూర్చోబెట్టండి.
5. మళ్లీ మూడు మంచి ఊదులు.

నాలుగు పఫ్‌లూ ఒకేసారి స్పేసర్‌లో నొక్కితే మందు గోడలకే అంటుకుంటుంది. గుండె దడ, చేతుల వణుకు ఉన్నవాళ్లకు డాక్టర్ తక్కువ మోతాదు చెప్పొచ్చు, లేదా ఇప్రాట్రోపియం ఇవ్వమనొచ్చు. అది ఇస్తే 30 నిమిషాలైనా ఆగాలి.

ఇంటివాళ్లకు ఒక మాట: ఈ పదిహేను నిమిషాల్లో ఆయన్ను టీకి తీసుకెళ్లకండి, బీడీకి అసలే వద్దు. పంపు ఎలా కొట్టుకోవాలో ఇక్కడే చూసి నేర్చుకోండి. ఇంట్లో తప్పుగా వాడుతున్నారని తెలిసేది ఎక్కువగా ఈ గదిలోనే.

## 10. అంకెలు చదవడం

8వ భాగంలో ఊదిన పేషెంట్ లెక్కే కొనసాగిద్దాం. పంపుకు ముందు ఎఫ్‌ఈవీ1 1.12. తర్వాత 1.26, ఎఫ్‌వీసీ 2.40. ప్రిడిక్టెడ్ ఎఫ్‌ఈవీ1 2.40.

నిష్పత్తి: 1.26 ÷ 2.40 = 0.525. 0.70 కంటే తక్కువ, అడ్డంకి ఉంది.

తీవ్రత: 1.26 ÷ 2.40 = 52.5 శాతం. గోల్డ్ లెక్కలో ఇలా:

- 80 శాతం, అంతకు పైన: గోల్డ్ 1
- 50 నుంచి 79: గోల్డ్ 2
- 30 నుంచి 49: గోల్డ్ 3
- 30 కంటే తక్కువ: గోల్డ్ 4

ఈయన గోల్డ్ 2. (ప్రిడిక్టెడ్ ఎఫ్‌ఈవీ1, ఊదిన ఎఫ్‌వీసీ రెండూ ఇక్కడ 2.40 కావడం యాదృచ్ఛికం, కలిపేసుకోవద్దు.)

పంపుతో మార్పు: 140 మిల్లీలీటర్లు పెరిగింది. పాత లెక్కలో 12 శాతమూ, 200 మిల్లీలీటర్లూ రెండూ దాటాలి. ఇక్కడ 12.5 శాతం ఉన్నా 200 లేదు. 2021 నాటి కొత్త లెక్కలో ప్రిడిక్టెడ్‌లో 10 శాతం దాటాలి, ఇక్కడ 5.8 శాతమే. రెండు లెక్కల్లోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు. అలాగని పంపు మందు ఈయనకు పనిచేయదని కాదు. ఆయాసం తగ్గడానికి ఈ శాతానికి నేరుగా లంకె లేదు. "మీకు పంపు పనిచేయట్లేదట" అని రిపోర్టు చూసి చెప్పేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.

పంపు తర్వాత నిష్పత్తి 0.60 నుంచి 0.80 మధ్య వస్తే, ఆ ఒక్క పరీక్షతో ముద్ర వేయకుండా ఇంకోరోజు మళ్లీ ఊదించడం మంచిది. ముసలివాళ్లలో వయసుతోనే నిష్పత్తి తగ్గుతుంది కాబట్టి 0.69 చూసి కంగారు పడకూడదు. నలభై ఏళ్ల బీడీ కార్మికురాలికి 0.71 వచ్చిందని నిశ్చింతగానూ ఉండకూడదు. అక్కడ రిపోర్టులోని కనీస సాధారణ విలువను, అంటే ఎల్‌ఎల్‌ఎన్‌ను కూడా చూడాలి.

## 11. స్పైరోమెట్రీ చెప్పనివి

పీక్ ఫ్లో మీటర్. చవక, సులభం. కానీ దీంతో సీఓపీడీని నిర్ధారించలేం. ఊదు మొదటి క్షణాన్నే కొలుస్తుంది, జబ్బు తెలిసేది చివర్లో.

ఆయాసం గ్రేడు. ఎంఎంఆర్‌సీ స్కేల్ 0 నుంచి 4 వరకు. ప్రశ్నలు మన జీవితానికి తగ్గట్టు అడగండి. బరువు పనికి మాత్రమే ఆయాసమైతే 0. గబగబా నడిస్తే, గట్టు ఎక్కితే వస్తే 1. తోటివాళ్లతో సమానంగా నడవలేకపోతే 2. వంద మీటర్లకే, కొన్ని నిమిషాలకే ఆగాల్సి వస్తే 3. చొక్కా వేసుకుంటేనే దమ్ము వస్తే, గడప దాటలేకపోతే 4.

ఆరు నిమిషాల నడక. 30 మీటర్ల చదునైన వరండా కావాలి. పరుగెత్తకుండా, ఆయన నడవగలిగినంత దూరం నడిపించి మీటర్లు రాయాలి. ముందూ తర్వాతా ఆక్సిజన్ చూడాలి. చాలా ఆసుపత్రుల్లో అంత పొడవైన వరండా ఉండదు. ఎంత ఉందో అది రాసి, వచ్చే ఏడూ అదే వరండా వాడండి.

ఊపిరితిత్తుల్లో చిక్కుకుపోయిన గాలి, రక్తంలోకి వాయువు వెళ్లే తీరు స్పైరోమెట్రీలో తెలియవు. వాటికి బాడీ ప్లెథిస్మోగ్రఫీ, డీఎల్‌సీఓ కావాలి. ఆ పరీక్షలకు ఇటువైపు పేషెంట్లు ఎక్కువగా హైదరాబాద్‌కే వెళ్లాల్సి వస్తోంది.

## 12. రిపోర్టుతో పాటు రాసివ్వాల్సినవి

మిషన్ కింద ప్రింట్ చేసే "ఇంటర్‌ప్రిటేషన్" వాక్యాన్ని యథాతథంగా ఇచ్చేయకండి. ఈ కొన్ని విషయాలు చేత్తో రాసినా చాలు:

- ఎత్తు ఎలా కొలిచాం, వయసు దేన్ని బట్టి వేశాం
- ఆఖరిసారి ఏ పంపు, ఎన్ని గంటలకు
- పరీక్షలో ఇచ్చిన మందు, మోతాదు, ఎన్ని నిమిషాలు ఆగాం
- ఎన్ని ఊదుల్లో ఎన్ని మంచివి, నాణ్యత గ్రేడు
- ఊదడంలో ఇబ్బంది: దగ్గు, మధ్యలో ఆపడం, వినికిడి తక్కువ, నడుం వంగడం
- గది ఉష్ణోగ్రత, మిషన్ పేరు, వాడిన ప్రిడిక్టెడ్ పట్టిక

మిషన్ మార్చినప్పుడు పట్టిక కూడా మారుతుంటుంది. కొన్నింటిలో ఉత్తర భారత లెక్కలు, కొన్నింటిలో గ్లోబల్ లంగ్ ఫంక్షన్ ఇనీషియేటివ్ లెక్కలు ఉంటాయి. ఊపిరితిత్తులు అలాగే ఉన్నా శాతం మారిపోతుంది. పాత, కొత్త రిపోర్టులు పోల్చేటప్పుడు శాతాలు పక్కన పెట్టి లీటర్లు చూడాలి.

పరీక్ష ఏడాదికోసారైనా చేయించాలి. ఇంటివాళ్లకు గీతలున్న పేజీ కూడా ఇవ్వండి, అంకెల పేజీ ఒక్కటే కాదు. థర్మల్ కాగితం మీద ప్రింట్ అయితే కొన్ని నెలలకే తెల్లబడుతుంది కాబట్టి అప్పుడే జిరాక్స్ తీయించుకోమని, ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోమని చెప్పండి.